శివారుల సాంద్రతయు మెట్రో మార్గముల విస్తరణమును

మాహూరు క్షేత్రమునకును హైదరాబాదు మహానగరమునకును గల సంబంధము పాతది. రేణుకాదేవి, దత్తాత్రేయుడు, అనసూయ కొలువైన మూడు శిఖరముల చెంత, పెన్‌గంగకు సమీపమున నున్న ఈ చిన్న పట్టణము నేడు మహారాష్ట్రమున నాందేడు జిల్లాకు చెందినదైనను, దీని పూర్వపు తాలూకాయైన కిన్వట్ 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోని భాగమే. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో ఎల్లలు మారినవి గాని, రేణుకా ఎల్లమ్మ యని ఆ తల్లిని పిలుచుకొనుచు కొండ యెక్కు తెలుగువారి రాక మాత్రము ఆగలేదు. మాహూరునకు రైలు లేదు. సుమారు ఏభై కిలోమీటర్ల దూరమున నున్న కిన్వట్ స్టేషనులో ఆదిలాబాదు నుండి వచ్చు బండి నెక్కి, ముద్‌ఖేడ్, నిజామాబాదు, కామారెడ్డి, మేడ్చల్ మీదుగా సికింద్రాబాదు చేరుట యొక మార్గము. ఆదిలాబాదునకు పోయి, అచటినుండి జాతీయ రహదారిపై బస్సులో జూబ్లీ బస్ స్టేషనునకు వచ్చుట మరియొక మార్గము.

ఈ రెండవ మార్గమున వచ్చు ప్రయాణికుడు కిటికీ ప్రక్కన కూర్చుండి శ్రద్ధగా చూచినచో నగరశాస్త్రములోని యొక ముఖ్య సూత్రము అతని కన్నుల యెదుటనే విప్పారును. నిర్మల్ దాటిన పిమ్మట చాలదూరము పత్తిచేలు, మొక్కజొన్న చేలు, నడుమ నడుమ ఊళ్లు. తూప్రాన్ దాటినది మొదలు గోదాములు, కర్మాగారములు, ఇంజనీరింగు కళాశాలలు. మేడ్చల్ దగ్గర బయటి వలయ రహదారిని దాటగానే ప్లాట్ల హద్దురాళ్లు, కొత్త మేడలు. కొంపల్లి వచ్చునప్పటికి రెండు వైపుల అంతరము లేని అంగళ్లు. సుచిత్ర, బోయినపల్లి దాటి పారడైజ్ చేరునప్పటికి బస్సు కదలుటయే దుర్లభము. చేనులో ఎకరమున కొక మనిషి యైనను కనబడని చోటినుండి, ఒక్కొక్క ఎకరమున వందలాది జనులు మసలు చోటికి రెండు మూడు గంటలలో వచ్చితిమన్నమాట. 1951లో కొలిన్ క్లార్క్ అను ఆర్థికశాస్త్రవేత్త పెక్కు నగరముల జనాభా లెక్కలను పోల్చిచూచి, కేంద్రమునుండి దూరము పెరిగినకొలది జనసాంద్రత ఒక నియతమైన నిష్పత్తిలో తగ్గుచు పోవునని, అనగా మొదటి అయిదు కిలోమీటర్లలో సగమైనచో తరువాతి అయిదింటిలో ఆ సగములో సగమగునని, ప్రతిపాదించెను.

ఈ సూత్రములో తొలిచూపునకు తోచని విశేష మొకటి గలదు. కేంద్రముననే సాంద్రత అత్యధికమైనను, అత్యధిక సంఖ్యాకులు కేంద్రమున నివసింపరు. ఏలయనగా వెలుపలికి పోయినకొలది వలయముల వైశాల్యము పెరుగును. సాంద్రత ప్రతి అయిదు కిలోమీటర్లకు సగమగు నగరమునందు, జనసంఖ్యలో మిక్కిలి బలమైన వలయము కేంద్రమునుండి సుమారు ఏడు కిలోమీటర్ల దూరమున నుండునని గణితము చెప్పుచున్నది. నగరము పెరిగి ఆ వాలు చదునగుకొలది ఆ వలయము ఇంకను వెలుపలికి జరుగును. శివారువాసులు తమ సంఖ్యాబలమును చూపి మాకును మెట్రో కావలెనని యడుగుట ఈ కారణమువలననే సహజము, న్యాయము కూడ. ఆ కోరిక న్యాయమైనదా యన్నది ఈ అధ్యాయమున ప్రశ్న కాదు. ఏ శివారునకు, ఎప్పుడు, ఎవరి ధనముతో, అన్నదే ప్రశ్న.

సాంద్రత పెరిగినది గనుక పట్టాలు వేయవలెనను వాదమును పరీక్షించుటకు పాశ్చాత్యులు కొన్ని కొలమానములను ఏర్పరచిరి. 1977లో పుష్కరేవ్, జూపన్ అను ఇరువురు న్యూయార్కు ప్రాంతమును పరిశీలించి, పెద్ద వ్యాపారకేంద్రమునకు పోవు దారిలో ఎకరమునకు పండ్రెండు ఇండ్లైనను ఉన్నచో వేగవంతమైన రైలు నిలదొక్కుకొనగలదని వ్రాసిరి. 1989లో న్యూమన్, కెన్‌వర్తీ అను ఆస్ట్రేలియా పండితులు ముప్పదిరెండు నగరములను పోల్చి, హెక్టారునకు ముప్పది నలుబది మందికి తక్కువైన చోట జనులు సొంత కారునకు దాసులగుదురని తేల్చిరి. ఈ రెండు కొలతలును అమూల్యములే. కాని వీనిని తెచ్చి మన నగరములపై పెట్టినచో చిత్రమైన ఫలితము వచ్చును. 2007లో పండ్రెండు పురపాలక సంఘములను, ఎనిమిది గ్రామపంచాయతీలను కలుపుకొని యేర్పడిన మహా హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో 2011 జనాభా లెక్కల నాటికే అరువదియేడు లక్షలకు పైబడిన జనముండిరి. చదరపు కిలోమీటరునకు పదివేలకు మించిన సాంద్రత యది. హెక్టారునకు నూరుమందికి మించినదన్నమాట. పాశ్చాత్యుల తూనికరాళ్లతో తూచినచో హైదరాబాదులో దాదాపు ప్రతి వీధియు మెట్రోకు అర్హమే యగును. అన్ని చోట్లను అవునని చెప్పు కొలమానము ఏ చోటును ఎన్నుకొనుటకు పనికిరాదు. మన దేశమున సాంద్రత ప్రశ్నకు ఆరంభము మాత్రమే గాని సమాధానము కాజాలదనుటకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము నాకు కనబడదు.

సాంద్రత వేరు, ప్రవాహము వేరు. కాలువ తవ్వవలెనో వలదో నిర్ణయించు ఇంజనీరు ఊరిలో ఎంత వాన కురిసినదని మాత్రమే అడిగి ఊరుకొనడు. ఏ వాగులో, ఏ దిక్కునకు, ఎన్ని నెలలు, ఎంత నీరు పారుచున్నదని అడుగును. మాహూరునే తీసికొనుడు. శరన్నవరాత్రులలోను, దత్తజయంతి నాడును ఆ కొండదారిపై నుండు సాంద్రత ఏ మహానగరపు బజారులోను ఉండదు. మహారాష్ట్ర ప్రభుత్వపు ఎస్టీ బస్సులు ప్రత్యేకముగా తిరిగినను చాలవు. అయినను ఆ జనసమ్మర్దమును చూపి మాహూరునకు మెట్రో వేయుడని ఏ వివేకియు కోరడు. ఏలయనగా పట్టాలపై పెట్టిన సొమ్ము సంవత్సరమున మూడువందల అరువది అయిదు దినములును వడ్డీ నడుగును; యాత్రాజనము పది దినములు వచ్చి పోవును. ప్రతి దినము, అదే వేళకు, అదే దారిన, అదే దిక్కునకు వేలాది జనులు కదలునట్టి చోటనే లోహమార్గమునకు సార్థకత.

ఆ ప్రవాహమును కొలుచుటకు రవాణాశాస్త్రజ్ఞులు వాడు ప్రమాణము, రద్దీవేళలో ఒక గంటకు ఒక్క దిక్కున ఒక బిందువును దాటిపోవు ప్రయాణికుల సంఖ్య. పండ్రెండవ పంచవర్ష ప్రణాళిక కాలమున మన దేశమున సూచించిన ప్రమాణములలో ఈ సంఖ్య పదునైదువేలైనను ఉండవలెనని, నగర జనాభా ఇరువది లక్షలకు తక్కువ కారాదని, సగటు ప్రయాణదూరము ఏడెనిమిది కిలోమీటర్లకు మించవలెనని చెప్పబడినది. పదునైదువేలను ఎందుకు ఎన్నుకొనిరో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. బస్సునకు అరువది మంది చొప్పున వారిని తరలించుటకు గంటకు రెండువందల ఏబది బస్సులు, అనగా సుమారు పదునాలుగు సెకనుల కొకటి కావలెను. ఏ కూడలియు ఆ ధారను భరింపజాలదు. వేయిమందిని మోయు మూడు బోగీల రైలైనచో నాలుగు నిమిషముల కొకటి చాలును. గంటకు అయిదారువేలు మాత్రమే కదలు చోట, ప్రత్యేకమైన దారి చేసి బస్సులు నడిపినచో అదే పని అందులో కొద్దిపాటి వ్యయముతో నెరవేరును. బ్రెజిలులోని కురిచీబా నగరము 1974 నుండి ఆ పనినే చేసి చూపినది.

ఇక స్టేషను దగ్గరకు వత్తము. మనిషి రైలు కొరకు నడచు దూరమునకు హద్దు గలదు. ఎనిమిదివందల మీటర్లు, అనగా పది నిమిషముల నడక, సాధారణముగా ఆ హద్దు. స్టేషను చుట్టును అంత వ్యాసార్ధముతో గీసిన వృత్తమున రెండు చదరపు కిలోమీటర్ల నేల యుండును. సాంద్రత పదివేలైనచో అందు ఇరువదివేల మంది, ముప్పదివేలైనచో అరువదివేల మంది నివసింతురు. కాగితముపై గీసిన వృత్తమునందు ఎల్లరును సమానముగా స్టేషను చేరగలరు. నేలపై అట్లు కాదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో సందులన్నియు ఒకదానిలో నొకటి కలిసి రోడ్డుమీదికి వచ్చును గనుక, అచటి మెట్రో స్టేషనునకు నిజముగానే నలువైపుల నుండి జనులు నడచి వచ్చెదరు. పడమటి దిక్కున, కోకాపేట, నార్సింగి ప్రాంతములలో కొత్తగా లేచిన సౌధములు నలుబది ఏబది అంతస్తులవి. అచటి సాంద్రత అంకెలలో ఘనమే. కాని ప్రతి సౌధసముదాయమునకును ఎత్తైన ప్రహరీ, ఒక్కటే ద్వారము, ద్వారము వెలుపల వెడల్పైన వేగమార్గము, దానికి కాలిబాట లేదు. అచట రేపు స్టేషను కట్టినను, కంటికి మూడువందల మీటర్ల దూరమున కనబడు నది కాలికి కిలోమీటరున్నర యగును. మధ్యాహ్నపు ఎండలో ఆ దూరము నడచువాడెవడు? అచటి నివాసి క్రిందికి దిగి, తన కారులోనే పోవును.

ఈ ఆకాశహర్మ్యములకు మూలము 2006లో వచ్చిన జీవో 86. నేల విస్తీర్ణమునకు ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనను పరిమితిని ఆ ఉత్తర్వు హైదరాబాదునందు తొలగించి, రోడ్డు వెడల్పును బట్టియు, చుట్టును విడుచు ఖాళీస్థలమును బట్టియు ఎత్తును అనుమతించెను. ఫలితముగా సాంద్రత ఎచట పెరుగవలెనో నిర్ణయించునది నగర ప్రణాళిక గాక, వెడల్పైన రోడ్డు ప్రక్కన విశాలమైన నేల దొరకు చోటయ్యెను. మెట్రో స్తంభములున్న అమీర్‌పేట, చైతన్యపురి, హబ్సిగూడలలో పాత ఇండ్లు చిన్న స్థలములలో నున్నవి గనుక అవి అంతగా పెరుగలేదు; మెట్రో లేని చోట మహాసౌధములు లేచినవి. మొదట సాంద్రతను రైలుకు దూరముగా పెంచి, తరువాత ఆ సాంద్రతను చూపి రైలును అచటికి లాగుకొని పోవుట రెండింతల వ్యయము. ఇది నగరమునకు జరిగిన అన్యాయమని నా దృఢాభిప్రాయము.

సాంద్రత యొక్క ప్రభావమును గురించి మరొక ముఖ్యమైన పరిశోధన గలదు. 2010లో యూయింగ్, సెర్వెరో అను అమెరికా పండితులు అంతకుముందు వెలువడిన పెక్కు అధ్యయనముల ఫలితములను ఒక్కచోట చేర్చి తూచిచూడగా, ఇతర విషయములన్నియు మారకుండ నివాస సాంద్రత మాత్రమే నూటికి పది పెరిగినచో ప్రజారవాణా వాడకము నూటికి ఒకటి కూడ పెరుగదని తేలినది. అంతకన్న ఎన్నో రెట్లు ప్రభావము చూపునవి స్టాపునకు గల దూరమును, వీధుల అల్లికయును. అమెరికా నగరముల ఫలితములను మక్కికి మక్కిగా మన నగరములకు అన్వయింపరాదు. అయినను కారణము మనకును వర్తించునదే. జనులు గుంపుగా నివసించుటయే చాలదు, వారు గుంపుగా ఒకే చోటికి పోవుచుండవలెను. ఇండ్ల సాంద్రత ప్రయాణమునకు ఒక కొస. కొలువుల సాంద్రత రెండవ కొస. 1998లో సైబర్ టవర్స్ తెరచుకొన్నది మొదలు హైటెక్ సిటీ, రాయదుర్గము ప్రాంతములలో ఉద్యోగములు కుప్పగా చేరుటచేతనే, నాగోలు నుండి అచటికి పోవు నీలి మార్గమున రద్దీవేళ నిలుచుటకు చోటుండదు.

హైదరాబాదు మెట్రో స్వానుభవమే మనకు ఉత్తమ గురువు. 2010లో ఎల్ అండ్ టీ సంస్థతో ఒప్పందము కుదిరి, పదునాలుగువేల కోట్లకు పైబడిన అంచనాతో ప్రైవేటు భాగస్వామ్యమున మొదలైన ఈ నిర్మాణము 2017 నవంబరులో మియాపూర్–నాగోలు నడుమ ముప్పది కిలోమీటర్లతో ప్రారంభమై, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్–మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గముతో అరువదితొమ్మిది కిలోమీటర్లకు, ఏబదియేడు స్టేషనులకు చేరినది. 2024 నాటికి దినమునకు ఇరువదిరెండు లక్షల మంది ఎక్కెదరని తొలి అంచనా. వాస్తవమున ఎక్కుచున్నవారు నాలుగున్నర లక్షల నుండి అయిదు లక్షల వరకు. సాంద్రత లేక కాదు. మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్‌లు సాంద్రమైన ప్రాంతములే. స్టేషను నుండి ఇంటికి చేర్చు బస్సు లేకపోవుట, కాలిబాటలు లేకపోవుట, మహమ్మారి కాలమున ఇంటినుండి పనిచేయు అలవాటు ప్రబలుట, ఛార్జీ దిగువ మధ్యతరగతి కుటుంబమునకు బరువగుట, ఇవన్నియు కలిసినవి. 2023 డిసెంబరునుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితమైనది. 2025 మే నెలలో మెట్రో ఛార్జీలు పెరిగినవి. నష్టములు పేరుకొని, 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ సంస్థ తొలగిపోవుటకును, సుమారు పదమూడువేల కోట్ల ఋణభారముతో మెట్రోను తెలంగాణ ప్రభుత్వమే స్వీకరించుటకును అంగీకారము కుదిరినది.

ఇట్టి స్థితిలో రెండవ దశ మన ముందున్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఆమోదించిన ప్రణాళిక ప్రకారము నాగోలు నుండి శంషాబాదు విమానాశ్రయమునకు 36.8, రాయదుర్గము నుండి కోకాపేట నియోపోలిస్‌కు 11.6, మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్టకు 7.5, మియాపూర్ నుండి పటాన్‌చెరునకు 13.4, ఎల్బీనగర్ నుండి హయత్‌నగర్‌కు 7.1, మొత్తము 76.4 కిలోమీటర్లు, వ్యయము 24,269 కోట్లు. దానిపై మేడ్చల్‌కు 24.5, శామీర్‌పేటకు 22, విమానాశ్రయము నుండి కొత్తగా తలపెట్టిన ఫ్యూచర్ సిటీకి 39.6 కిలోమీటర్ల మార్గములు మరియొక భాగముగా ప్రతిపాదింపబడినవి.

మొదటి భాగములో కిలోమీటరునకు సగటున 318 కోట్లు పడుచున్నవి. వడ్డీ, అరుగుదల కలిపి ఏటికి నూటికి ఏడు చొప్పున వేసికొన్నను అది ఇరువదిరెండు కోట్లు. దినమునకు ఆరు లక్షల రూపాయలు. ప్రయాణికుడు కిలోమీటరునకు మూడు రూపాయలు చెల్లించునని యనుకొన్నచో, విద్యుత్తు, జీతములు విడిచిపెట్టి కేవలము పెట్టుబడికే, ప్రతి బిందువు మీదుగా దినమునకు రెండు లక్షల మంది ప్రయాణింపవలెను. ముప్పదివేల సాంద్రత గల చోట ఒక స్టేషను వృత్తములోని అరువదివేల మందిలో ముప్పదియారువేల మంది దినము బయటికి పోయి, వారిలో నాలుగవ వంతు రైలెక్కినను, రాకపోకలు కలిపి పదునెనిమిదివేలు మాత్రమే. పది స్టేషనుల మార్గమైనచో లక్షా ఎనుబదివేలు; అందరును మార్గము చివరినుండి చివరివరకు పోరు గనుక ఒక్కొక్క బిందువును దాటువారు అంతకన్న తక్కువ. ఛార్జీల వసూలుతో మాత్రమే పట్టాల ఋణము తీర్చిన నగరములు ప్రపంచమున వ్రేళ్లపై లెక్కింపదగినవి. కనుకనే 2017 నాటి కేంద్ర మెట్రో విధానము ధనరూపమైన లాభమును గాక, మిగిలిన కాలము, తగ్గిన పొగ, తప్పిన ప్రమాదములు మొదలగు సమాజప్రయోజనములను కూడ లెక్కించి, ఆ ఆర్థిక ప్రతిఫలము ఏటికి నూటికి పదునాలుగైనను ఉండవలెనని నిబంధించినది. మెట్రోకు బదులుగా బస్సు మొదలగు ఇతర మార్గములను కూడ నిజాయితీగా తూచిచూచిన పిదపనే ముందుకు రమ్మన్నది. ఈ నిబంధన మంచిది. దానిని మొక్కుబడిగా నింపు కాగితముగా గాక, నిజమైన పరీక్షగా భావింపవలెను.

జనులు వచ్చినకొలది రైలు వేయవలెనా, రైలు వేసి జనులను రప్పింపవలెనా యను ప్రశ్నకు చరిత్ర రెండు విధముల సాక్ష్యమును ఇచ్చుచున్నది. లండనులో 1863లో తెరచుకొన్న మెట్రోపాలిటన్ రైల్వే తరువాతి కాలమున పొలముల నడుమకు పట్టాలు పరచి, 1915 నుండి మెట్రో-లాండ్ అను పేరుతో ఆ పొలములలోని గృహములను ప్రకటించుకొనెను. జపానులో కొబయాషి ఇచిజో 1910లో ఒసాకా వెలుపలి పల్లెలకు విద్యుత్ రైలు వేసి, దారి పొడవునా నేలను ముందే కొని, ఇండ్లు కట్టి వాయిదాలపై అమ్మెను. నగరపు కొసన పెద్ద అంగడిని, పల్లె కొసన వినోదశాలను నెలకొల్పి రెండు దిక్కుల రైళ్లను నింపెను. హాంకాంగు మెట్రో సంస్థ నేటికిని స్టేషనులపై కట్టు భవనముల ఆదాయముతోనే ధనవంతమైయున్నది. ఈ మూడు చోట్లను పట్టాలు వేసినవాడే నేల విలువ పెరుగుదలను అనుభవించెను. దీనికి ప్రతిగా, కెనడాలోని టొరంటోలో శివారు సాంద్రత పెరుగునన్న ఆశతో 2002లో తెరచిన అయిదున్నర కిలోమీటర్ల షెపర్డ్ భూగర్భమార్గము చుట్టును సౌధములు లేచినవి గాని, వానిలో నివసించువారి కొలువులు ఆ దారిలో లేనందున రైళ్లు చాలకాలము వెలితిగనే నడచినవి.

కోకాపేటలో 2023 ఆగస్టున ఎకరము నూరుకోట్లకు పైగా పలికినది. ఆ ధరలో భవిష్యత్తున రాబోవు మార్గముల వాసన కొంత లేకపోలేదు. అట్టి చోటికి ప్రజల ఋణముతో రైలు వేసి, పెరిగిన విలువను నేలవారికే విడిచిపెట్టుట ధర్మము కాదు. ఆ నేలలపై విశేషమైన సుంకము విధించి, ఆ ధనముతోనే ఆ మార్గమును నిర్మింపవలెను. ప్రహరీలను తెరచి స్టేషనునకు కాలిబాట ఇచ్చినవారికే అదనపు అంతస్తుల అనుమతి ఇయ్యవలెను.

ఇంకొక సాంకేతిక విషయమును సాధారణముగా ఎవరును గమనింపరు. మార్గమును వెలుపలికి పొడిగించినప్పుడు కొత్త ప్రయాణికులు పాత మార్గముననే పయనింతురు. హయత్‌నగర్‌లో ఎక్కినవాడు ఎల్బీనగర్‌లో దిగడు. అమీర్‌పేట దాక పోవును. అందుచేత పాత మార్గమున ఖాళీ యున్నచో పొడిగింపు రెండింటికిని మేలు చేయును. ఖాళీ లేనిచో లోపలి స్టేషనువారు తలుపు దగ్గరనే నిలిచిపోవలసివచ్చును. మన రైళ్లకు మూడే బోగీలు. వేదికలు మాత్రము ఆరు బోగీలకు సరిపోవునట్లు కట్టబడినవి. మొదట బోగీలను పెంచుట, పిమ్మట మార్గమును పెంచుట సహజమైన క్రమము. కొత్త స్తంభ మొకటియు నాటకుండ ఆ విధముగా సామర్థ్యమును రెట్టింపు చేయవచ్చును.

వేగమును గురించి కూడ ఒక మాట చెప్పవలెను. యాకోవ్ జహావి మొదలగువారు ఎన్నో దేశముల ప్రయాణములను పరిశీలించి, మనిషి సగటున దినమునకు గంటసేపు మాత్రమే ప్రయాణమునకు వెచ్చించునని కనుగొనిరి. కాలినడక నాటి హైదరాబాదులో 1591 నాటి చార్మినారునుండి అరగంట నడచినచో కోటగోడల వెలుపలికి చేరవచ్చును. గంటకు ముప్పదినాలుగు కిలోమీటర్ల సగటు వేగముతో పోవు మెట్రో అరగంటలో పదునేడు కిలోమీటర్లు చేర్చును. ఆ అరగంటకు మించి పొడిగించినచో, చివరి స్టేషనువారికి వేగమిచ్చుటకు స్టేషనుల సంఖ్య తక్కువగా నుండు వేరే రకపు రైలు కావలెను. విమానాశ్రయ మార్గమును, ఫ్యూచర్ సిటీ మార్గమును సాధారణ మెట్రోగా భావించుట ఈ దృష్టితో చూడగా పొరపాటు.

ఈ పరీక్షలన్నింటిని పెట్టిచూచినచో నాకు తోచిన క్రమ మిట్లున్నది. అన్నింటికన్న ముందు పాతబస్తీ. చాంద్రాయణగుట్ట మార్గము ఊరంచులది కాదు, నగరగర్భమునకు చెందినది. అచటి సందులు కాలినడకకే పుట్టినవి. సొంత వాహనములు తక్కువ. తొలి దశలోనే ఫలక్‌నుమా వరకు ఒప్పుకొన్న మార్గము ఇన్నేండ్లు నిలిచిపోయినది. శివారులకు పొడిగించుచు దీనిని విడుచుట తగదు. తరువాత పటాన్‌చెరు: భెల్ కాలనీ, రామచంద్రాపురము, పారిశ్రామికవాడ, 1972లో నెలకొన్న ఇక్రిశాట్, అన్నియు ఒక్క బొంబాయి రహదారి ప్రక్కనే వరుసగా పెరిగినవి, ఇండ్లును కొలువులును రెండు కొసలయందు నున్నవి గనుక రైళ్లు రెండు దిక్కుల నిండును. హయత్‌నగర్ చిన్న పొడిగింపు, విజయవాడ రహదారి జనమునకు నిజమైన ఊరట. కోకాపేట నేలసుంకము కట్టిన పిమ్మట. విమానాశ్రయ మార్గము అవసరమే గాని తొందర లేదు.

మేడ్చల్ సంగతి వేరు. నాందేడు నుండి, నిజామాబాదు నుండి వచ్చు పాత గోదావరి లోయ రైలుమార్గము అచటినుండి బొల్లారము మీదుగా సికింద్రాబాదునకు నూరేండ్లకు పైగా ఉన్నది. 2023 ఏప్రిల్‌లో దానిపై ఎంఎంటీఎస్ అను నగర స్థానిక రైళ్లు కూడ మొదలైనవి, కాని అవి కొద్ది మాత్రమే. ఇరువదినాలుగు కిలోమీటర్ల కొత్త స్తంభములకు ముందు, ఉన్న పట్టాలపై పది పదునైదు నిమిషముల కొక బండి నడిపి, స్టేషనులకు రోడ్డు నుండి దారులు వేసి, రెండేండ్లు చూడవలెను. జనప్రవాహము నిజముగా పదునైదువేలు దాటినచో అప్పుడు మెట్రో వాదము తనంత తానే నిలుచును. ఫ్యూచర్ సిటీకి జనము రాకముందే ముప్పదితొమ్మిది కిలోమీటర్లు వేయుట, నేలంతయు ప్రభుత్వము చేతనుండి కొబయాషి వలె దానిని కట్టి అమ్మగలిగిననే సమర్థనీయము. లేనిచో అచట ప్రత్యేక దారిన బస్సు చాలును. మాహూరునకు అత్యంత సమీపమున నున్న మెట్రో నగరమైన నాగపూరులోను ఇదే ప్రశ్న నిలిచియున్నది: 2022లో కేంద్రము ఆమోదించిన రెండవ దశ కన్హాన్, బుటిబోరి, హింగ్ణా దిక్కులకు 43.8 కిలోమీటర్లు పోవుచున్నది. బుటిబోరి కార్మికులు ఏ వేళకు, ఎచటినుండి, ఎట్లు పనికి పోవుచున్నారో అధికారులు లెక్కించిన లెక్కయే ఆ మార్గపు భవిష్యత్తును నిర్ణయించును.

కావున మీ ఊరికి మెట్రో కావలెనని సభ చేయునప్పుడు, పాఠకమహాశయులారా, మీ కాలనీ జనాభాను మాత్రమే వినతిపత్రమున వ్రాయకుడు. ఉదయము ఎనిమిది నుండి తొమ్మిది వరకు మీ రోడ్డు దాటి ఎందరు ఏ దిక్కునకు పోవుచున్నారో లెక్కించి వ్రాయుడు. ప్రతిపాదిత స్టేషను చోటునకు మీ ఇంటినుండి నడచుటకు కాలిబాట గలదో లేదో వ్రాయుడు. మెట్రో వచ్చునంతవరకు ఎన్ని బస్సులు కావలెనో కూడ అడుగుడు. ఆ మూడు వివరములును అధికారుల ముందు పెట్టినచో వారు మీకు సమాధానము చెప్పక తప్పదు.